బట్టలకు గంట, మనుషులకు సైరన్

నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఒక దర్జీల వీధి కనిపించింది. భాష మారుతుంది, చొక్కా కాలరు ఆకారం మారుతుంది. మెడలో టేపు, చెవి సందున పెన్సిలు, పెదాల మధ్య గుండుసూదులు, "రేపు రండి" అనే మాట మాత్రం ఎక్కడికి పోయినా మారవు. మారనిది ఇంకొకటి కూడా ఉంది. ఊరికి పల్లం ఎటుందో దర్జీలు అటే ఉంటారు. మెరక మీది కొట్లన్నీ బట్టలు అమ్మేవాళ్లు పట్టేస్తారు, కుట్టేవాళ్లకు ఏటి వైపు మిగులుతుంది.

అలాంటి ఒక వీధిలో, ఒక కొట్టు మీది గదిలో, నా అలవాటుకు విరుద్ధంగా కొన్నేళ్లు కుదురుగా ఉన్నాను. కింద కొట్టు మాస్టారిది. బడి మాస్టారు కాదు, కటింగు మాస్టారు. కత్తెర పట్టుకుంటే బల్ల మీద గుడ్డ తనంతట తానే తెగుతున్నట్టుండేది. ఆయన భార్య గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు బడి రికార్డుల్లో ఒక పేరుంది గానీ వీధిలో దాన్ని వాడినవాళ్లు లేరు. మాటలొచ్చిన నాటినుంచీ ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అంటూ ప్రాణాలు తోడేసేది కాబట్టి ఎందుకమ్మ అయి కూర్చుంది.

"లాగుకు అన్ని జేబులున్నాయి, నా గౌనుకు ఒక్కటి కూడా లేదెందుకు?" అని చిన్నప్పుడు తండ్రిని నిలదీసిందట. మాస్టారు ఆలోచించి ఆలోచించి, జవాబు దొరక్క, ఆ గౌనుకు జేబు కుట్టాడు. ఆ తర్వాత ఆ వీధిలో తయారైన ఆడపిల్లల గౌన్లన్నింటికీ జేబులొచ్చాయి. ఎందుకమ్మ ప్రశ్నలకు ఆ లక్షణముంది. జవాబు రాకపోయినా పని జరిగేది.

ఆమె అడిగిన వాటిల్లో తెగనిది ఏటి గురించి. వానాకాలంలో ఏరు రెండు మూడేళ్లకోసారి వీధిలోకి వచ్చేది. "ఏటికి ఎగువనున్నవాళ్లకి నీళ్లొస్తున్నాయని ముందే తెలుస్తుంది కదా, మనకెందుకు చెప్పరు?" మాస్టారు దీనికి కుట్టగలిగిన జేబు ఏదీ లేదు. పిల్ల ఆ ప్రశ్నను పట్టుకునే పై చదువుల దాకా వెళ్లింది.

ఏటి సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. అది మూడు దేశాల గుండా పారుతుంది. పైదేశంలో పుడుతుంది, మా ఊరున్న మధ్యదేశం దాటి, కిందిదేశంలో సముద్రాన్ని చేరుతుంది. మూడు దేశాలూ చాలాకాలం ఉమ్మడి గోడకు అటూ ఇటూ కాపురమున్న దాయాదుల్లా మెలిగాయి. ఎవరి వైపు వాళ్లు సున్నం కొట్టుకోవడం, పగులు వస్తే అవతలివాడి మీద తోసేయడం. చివరికి ఒక పెద్ద వరద వచ్చి ముగ్గురినీ పక్షపాతం లేకుండా ముంచాక, మూడు దేశాల ఇంజనీర్లూ చదువుకునే పిల్లలూ కలిసి వరద నష్టం తగ్గించే ఉమ్మడి పథకమొకటి మొదలుపెట్టారు. పైదేశం విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఎందుకమ్మ అందులో చేరింది.

పథకం కింద మా వీధి చివర ఒక సైరన్ పెట్టారు. ఆనకట్ట గేట్లు ఎత్తబోతున్నామని పైదేశం కబురు చేయగానే అది మోగుతుంది. జనం వెంటనే కొట్లు వదిలి మెరక మీది బడికి చేరాలి. ఒకరోజు మూడు దేశాల పెద్దలూ వచ్చి వీధి మొదట్లో నిలబడ్డారు. పరీక్ష కోసం సైరన్ మోగించారు. జనం బయటికొచ్చారా? రాలేదు సరికదా, తెరిచి ఉన్న షట్టర్లు కూడా కిందికి దించేసుకుని లోపలే ఉండిపోయారు. వచ్చిన పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా దేశం తరఫున వచ్చిన వరదల ఆఫీసరు మొహం మాడిపోయింది.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. వచ్చిన పెద్దల ముందు నవ్వులపాలైన మనిషి. "మొండి జనం. మాట వినని చోట మనుషుల్ని ఉంచి వాళ్ల ప్రాణాలకు నేను పూచీపడలేను" అని, వీధి మొత్తాన్ని గుట్ట అవతలికి మార్చాలని ప్రతిపాదన రాశాడు. గుట్ట అవతల ఏముంది? గాలి ఉంది, గడ్డి ఉంది. చొక్కా కుట్టించుకోవడానికి గుట్టెక్కి దిగే మనిషి మాత్రం లేడు. వీధి అక్కడికి పోతే బతకదు. పథకం పెద్దలు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. వానాకాలం ముదిరేలోపు మళ్లీ పరీక్ష. అప్పుడూ వీధి ఖాళీ కాకపోతే తరలింపే. ఈలోపు జనం ఎందుకు కదలలేదో తెలుసుకురమ్మని ఎందుకమ్మను ఇంటికి పంపారు.

ఆమె పెద్ద సంచీతో దిగిన రోజు వాళ్లమ్మ కళ్లొత్తుకుంటూనే, "ఇన్ని చదువులు చదివి మళ్లీ ఎందుకు అని అడగడానికేనా వచ్చావు?" అంది.

"అమ్మా, ఇప్పుడు అడిగినందుకు పట్టా ఇస్తారే."

మూడు దేశాల ఆచార్యులు కూర్చుని తయారుచేసిన ప్రశ్నలు పట్టుకుని ఆమె వీధి తిరగడం మొదలుపెట్టింది. పక్క కొట్టు బాబాయి లాగులు తప్ప మరేమీ కుట్టడు, అందుకని లాగుల బాబాయి. ఆయన పెడలు ఆపకుండానే ఆమెను పలకరించాడు.

"రావే తల్లీ. ముక్కు తుడిచి పెంచిన పిల్లవి, ఇప్పుడు నన్ను పరీక్ష చేస్తావా?"

"సైరన్ మోగితే నీ వస్తువులు ఏవేవి తీసుకెళ్తావు బాబాయ్?"

"నావా? నా దగ్గరేముంది, ఏం లేదు."

"అయితే వెంటనే బయల్దేరతావా?"

"బయల్దేరక? నాకేం ప్రాణం మీద తీపి లేదా?"

వీధి మొత్తం అదే పాట. తీసుకెళ్లేదేం లేదు, క్షణంలో బయల్దేరతాం. ఆ కాగితాలు చూస్తే మూడు దేశాల్లోనూ అంత బుద్ధిమంతుల వీధి ఉండదు. ఎందుకమ్మ మేడ మెట్ల మీద కూర్చుని, ఆ కాగితాలతో విసురుకుంటూ, "అందరూ నాకు అబద్ధం చెప్తున్నారు" అంది.

ఈ ప్రపంచంలో అబద్ధాలు మనం అనుకున్నంత విరివిగా దొరకవని నా అనుభవం. మనుషులు ఎక్కువగా చెప్పేవి అడిగినదానికి సరిగ్గా సరిపోయే నిజాలు, ఒక్క అంగుళం కూడా వదులుండదు. ఆ మాటే అన్నాను. "మీ మాటలు మీ ప్రయాణాల్లాగే ఉంటాయి, ఎక్కడికీ చేరవు" అని కొట్టిపారేసింది. న్యాయమే.

గుట్టు బయటపెట్టింది నీళ్ల గొట్టం. ఒక మధ్యాహ్నం వీధి మొగలో మునిసిపాలిటీ గొట్టం పగిలింది. నీళ్లు జోరుగా వచ్చి మాస్టారి గడప దాటాయి. ఎందుకమ్మ అప్పుడు కొట్లోనే ఉంది. మాస్టారి చెప్పులు తేలుతూ పోయాయి, ఆయన వాటి వంక చూడలేదు. తల్లి పెట్టె అడుగు తడుస్తోంది, తల్లీ చూడలేదు. ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా, కింది అరల్లోని గుడ్డల మూటలు తీసి ఒకరికొకరు అందించుకుంటూ అటక మీదికి ఎక్కిస్తున్నారు. అన్నింటికంటే ముందు మాస్టారు చేసిన పని, షట్టరు సగానికి దించడం.

ఎందుకమ్మ మోకాళ్ల కింద దాకా నీళ్లలో నిలబడి, "నాన్నా, ఆ రోజు సైరన్ మోగినప్పుడు నువ్వు లోపల ఏం చేస్తున్నావు?" అంది.

"ఏం చేస్తాను? ఇదే. ఆ మూట అందుకో ముందు."

"మరి నేనడిగితే ఏం లేదన్నావే!"

"నాదేమైనా ఉందా అనడిగావు. లేదన్నాను. ఈ గుడ్డలు నావా ఏమిటి? ఊరివి."

"షట్టరెందుకు దించావు?"

మాస్టారు ఇంకో మూట అటక మీదికి తోశాడు. కాజా సూది కొంగుకు గుచ్చుకుంటూ తల్లి అందుకుంది. "కొట్లోకి నీళ్లొచ్చాయని తెలిస్తే రేపటినుంచి గుడ్డ ఎవరిస్తారే? దర్జీ దగ్గర బట్ట తడుస్తుందని ఏ దర్జీ అయినా ఒప్పుకుంటాడా?"

అదీ సంగతి. వీధి వీధంతా తమది కాని సొత్తుకు కాపలా కాస్తోంది. కాస్తున్నట్టు పైకి చెప్పుకుంటే వ్యాపారం పోతుంది. ఆ రోజు పెద్దలు చూసిన మూసిన షట్టర్ల వెనక మొండితనం లేదు. ఊరందరి చొక్కాలూ గౌన్లూ అటకలెక్కుతున్నాయి, అంతే.

మర్నాడు ఆమె ఆఫీసరు దగ్గరికి తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లింది. విషయం విని ఆఫీసరు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "ఇంతేనా! బట్టలు వదిలేసి రండి మాస్టారూ. తడిస్తే ప్రభుత్వం పరిహారమిస్తుంది."

"పెళ్లికొడుక్కి కోటు బదులు పరిహారం తొడుక్కోమంటారా బాబూ?" అన్నాడు మాస్టారు. ఆఫీసరు దగ్గర దానికి ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేకపోయింది.

సైరన్‌కూ నీళ్లకూ మధ్య ఉన్న వ్యవధి మనుషులకు సరిపోతుంది. బట్టలకు చాలదు. బట్టలకు వేరే కబురు కావాలి, ఇంకా ముందు రావాలి. ఎందుకమ్మ పైదేశం ఇంజనీరమ్మకు ఫోన్ చేసింది. ఆనకట్ట దగ్గర నీళ్ల లెక్కలు చూసేది ఆవిడే. ఇద్దరిదీ ఉమ్మడి పథకంలో కుదిరిన స్నేహం.

"గేట్లెత్తేటప్పుడు కాదు అక్కా, మీ కొండల మీద వాన ముదిరినప్పుడే మాకు చెప్పాలి."

"వాన పడ్డంతమాత్రాన వరద వస్తుందని ఏముంది? అనుమానం మీద కబురు చేస్తే, నీళ్లు రాకపోతే, మీవాళ్లు మమ్మల్ని అబద్ధాలకోరులంటారు. మా పెద్దలు అందుకే ఒప్పుకోరు."

"మనుషుల్ని కదిలించాలంటే ఖాయమైన మాట కావాలి అక్కా. బట్టల్ని కదిలించడానికి అనుమానం చాలు."

అవతల కాగితం మీద కలం గీసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఈ మాట రాసి పంపు. సంతకం నాది కూడా పెడతాను" అంది ఇంజనీరమ్మ. ఇద్దరి సంతకాలతో వెళ్లిన ప్రతిపాదనను మూడు దేశాల పెద్దలు కొంత గొణిగి, రాబోయే పరీక్ష వరకు అని ఒప్పుకున్నారు.

ఏర్పాటు చాలా సులభం. అనుమానపు కబురు రాగానే బడి గంట కొడతారు. అది బట్టలకు. ఊళ్లో గుడ్డలిచ్చినవాళ్లు ఎవరి మూట వాళ్లు వచ్చి తీసుకుపోవాలి. మిగిలినవి బడి మేడ మీదికి. ఖాయమైన కబురుకు సైరన్. అది మనుషులకు. అప్పటికి కొట్లో కాపలా కాయాల్సింది ఏమీ ఉండదు కాబట్టి చేతులూపుకుంటూ నడిచిపోవచ్చు.

సులభమని ఆమె అనుకుంది. వీధి సమావేశంలో ఈ సంగతి చెప్పగానే కొంప మునిగినంత గోల లేచింది.

"గుడ్డలిచ్చినవాళ్లు కొట్లోకి వచ్చి చూస్తారా!" అన్నాడు లాగుల బాబాయి, గుండె పట్టుకుని. "అయ్యిందీ, కాజాలే మిగిలాయీ అని చెప్పిన లాగుకు నేనింకా కత్తెరే పెట్టలేదే! నా పరువేం కావాలి? వరదలో పోతే పోతాను గానీ, మర్యాదగా పోతాను."

"నా దగ్గరైతే మూట ముడే విప్పలేదు" అని ఎవరో వెనకనుంచి నిజాయితీగా చెప్పారు.

దర్జీకి ప్రాణభయం కంటే పెద్ద భయం ఒకటుంటుందని మూడు దేశాల ఆచార్యులు ఎవరూ ఊహించలేదు. ఎందుకమ్మ కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. తండ్రి వైపు తిరిగింది. ఆయన పైకప్పు పరిశీలిస్తున్నాడు.

అప్పుడు తల్లి లేచింది. సమావేశాల్లో ఆవిడ నోరు విప్పగా నేనెప్పుడూ వినలేదు. "రేపంటే రేపే ఇస్తారని ఈ ఊళ్లో మిమ్మల్ని నమ్మేవాళ్లు ఎవరైనా ఉన్నారా? పదో తారీఖుకు కావాలంటే ఒకటో తారీఖుకని చెప్పి ఇస్తారు అందరూ. మీ బండారం ఊరందరికీ తెలుసు. తెలియదనుకుంటున్నది మీరే."

ముందు లాగుల బాబాయి నవ్వాడు. తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో లెక్కపెట్టడం కుదరలేదు.

పరీక్ష రోజు రాకముందే అసలుదే వచ్చిపడింది. ఒకరోజు పొద్దున్నే పైదేశం ఇంజనీరమ్మ కబురు పంపింది: కొండల మీద కుండపోత, ఖాయం కాదు గానీ అనుమానముంది. మా దగ్గర ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ఎందుకమ్మ బడికి పరుగెత్తి గంట తాడు అందుకుంది. చేయి ఆగింది. ఎండ కాస్తుంటే గంట కొట్టాలి. నీళ్లు రాకపోతే వీధి నవ్వుతుంది, పెద్దలు పథకాన్ని మూసేస్తారు, తండ్రి కొట్టు గుట్టెక్కుతుంది. అయినా కొట్టింది. ఏదో కోపం మీద ఉన్నట్టు కొట్టింది.

ఊరు కదిలింది. అబ్బ, ఆ ఉదయం! కొట్ల ముందు జనం. "మాస్టారూ, నా చొక్కా?" "ఇదిగోనమ్మా, చేతులొక్కటే తక్కువ." "ఏమిటీ, పోయిన వారమే అయిపోయిందన్నారు!" "అయిపోయింది, చేతులు తప్ప." లాగుల బాబాయి చేతుల్లో ఒక కాలు మాత్రమే కుట్టిన లాగు పెట్టుకుని నిలబడ్డాడు. దాని యజమాని దాన్ని తిప్పి తిప్పి చూసి, "రెండో కాలు వరద తర్వాతా?" అని అడిగాడు. ఊరి బ్యాండు మేళంవాళ్ల కొత్త కోట్లు మాస్టారి దగ్గర ఉన్నాయి, ఒక్కదానికీ చేతులు లేవు, గుండీలు లేవు. చేతిలో పట్టుకెళ్లడం కంటే తొడుక్కోవడం నయమని మేళం మొత్తం ఆ మొండి కోట్లు తొడుక్కుని, ఖాళీ అయిన చేతుల్తో తలా ఒక కుట్టుమిషనూ మోసుకుంటూ బడి మెరక ఎక్కింది. వాళ్ల నాయకుడు మిషను భుజాన ఉండగానే నోటితో బాకా ఊదాడు.

కసురుకున్నవాళ్లున్నారు. కానీ తిట్టుకుంటూనే పక్కవాడి మూట కూడా మోశారు. కుట్టని గుడ్డ చూసి కోపమొచ్చింది, పొడిగా ఉన్న గుడ్డ చూసి ఆ కోపం చల్లారింది.

మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. పైదేశం నుంచి రెండో కబురు: గేట్లెత్తుతున్నాం. సైరన్ మోగింది. మాస్టారు ఖాళీ అరలు ఒకసారి చూసుకున్నాడు, కత్తెర జేబులో పెట్టుకున్నాడు, భార్యను పిలిచాడు. ఇద్దరూ చుట్టాలింటికి బయల్దేరినట్టు తీరిగ్గా నడిచారు. ముందూ వెనకా వీధి మొత్తం అలాగే నడిచింది. నేనూ నడిచాను. షట్టర్లన్నీ పైకి ఎత్తే ఉన్నాయి, దాచడానికేం మిగల్లేదు కాబట్టి.

ఆఫీసరు నమ్మలేక వీధిలోకి దిగాడు. ప్రతి కొట్లో తొంగిచూశాడు. "ఎవరండీ లోపల?" అని అరిచాడు. ఆయన గొంతే తిరిగి వినిపించింది. చివరి కొట్టు చూసి, పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చాడు. బడి మేడ మెట్లెక్కేటప్పుడు ఆయన మొహం పండగ చేసుకుంటోంది.

నీళ్లు చీకటి పడకముందే వచ్చాయి. మేడ మీదినుంచి అందరం చూశాం. ఏరు వీధి మొగలోకి తల పెట్టింది, గడపలెక్కింది, మాస్టారి కటింగు బల్ల అంచుదాకా లేచింది. ఇదివరకు ఆ దృశ్యం చూసి ఏడ్చినవాళ్లంతా ఇప్పుడు మేడ అంచున నిలబడి చూస్తున్నారు. లాగుల బాబాయి ముందు చప్పట్లు కొట్టాడు. తర్వాత మాస్టారు. తర్వాత మేడ దద్దరిల్లింది. చాలా దేశాలు చూశాను గానీ, తమ వీధి మునుగుతుంటే చప్పట్లు కొట్టిన జనాన్ని మరెక్కడా చూడలేదు. ఏరు ఎన్నో ఏళ్లకు మొదటిసారి వీధంతా వెతికి, ఉత్త చేతుల్తో తిరిగిపోవలసి వచ్చింది.

ఎందుకమ్మ ఫోన్ మోగింది. పైదేశం ఇంజనీరమ్మ. "వీధిలో ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరక్కా. ఒక్క చొక్కా కూడా లేదు."

అవతల గదినిండా కేకలు వినిపించాయి. ఆ భాష మావాళ్లకు రాదు. అయినా ఫోన్ చుట్టూ మూగి, ఆ కేకలకు వీళ్లు కేకలతోనే జవాబిచ్చారు.

బురద ఎండకముందే మూడు దేశాల పెద్దలూ మళ్లీ వచ్చారు. ఈసారి బల్లలు కడుగుతున్న వీధి మధ్యలోనే కూర్చున్నారు. అనుమానపు కబురు ఇకమీదట ఏటి పొడవునా నడవాలని అక్కడే నిర్ణయమైంది. కిందిదేశం నుంచి వచ్చినాయన, తమ దగ్గర రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసే వీధి ఒకటి ఇలాగే కదలనని మొరాయిస్తోందని, అక్కడా ప్రతి వస్తువూ బాగుకు ఇచ్చి వెళ్లిన ఎవరో ఒకరిదేనని ఇప్పుడు తట్టిందని ఎందుకమ్మతో చెప్పి, తమ ఊరికి రమ్మన్నాడు. ఆఫీసరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"గుట్ట అవతలి ప్రతిపాదన నేనే రాశాను, నేనే వెనక్కి తీసుకుంటున్నాను. ఈ వీధి ఇక్కడే ఉంటుంది."

"అలా గట్టిగా చెప్పండి సార్" అన్నాడు లాగుల బాబాయి, బురద చీపురు భుజాన వేసుకుని. "ఆ చివరి కొట్టుదాకా వినబడాలి."

ఆఫీసరు నిజంగానే గట్టిగా చెప్పాడు. చివరి కొట్టునుంచి ఈల వినిపించింది. మాస్టారు కూతురి భుజం మీద చేయి వేశాడు. బల్ల కడగాల్సి ఉన్నా ఆ చేయి తీయలేదు. ఆయన భార్య గుమ్మంలో నీళ్లు ఊడ్చేసి, వెలుతురు వైపు పీట వేసుకుని, బడి మేడ నుంచి దిగిన మొదటి మూట విప్పింది.